దాపట, వలపట

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. పెళ్లిళ్లు లేని నెల బంగారానికి పస్తు నెల. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధి ఆ నెలంతా ఈగలు తోలుకుంటూ కూర్చుంటుంది. అలీ అహ్మద్ అంగడి ఆ వీధి చివర, ఒక మేడమెట్ల కింద ఉంది. పాత నగలు కొని, కరిగించి, మేలిమి ఎంతో తేల్చడం అతని పని. ఇరవై ఆరేళ్లుగా అదే. నగ అరచేతిలో పడగానే అందులో టంకం ఎంత, మైనం ఎంత, మురికి ఎంత అని అతని వేళ్లకు తెలిసిపోతుంది. అవన్నీ తీసేయడాన్ని తరుగు తీయడం అంటారు. తీయగా మిగిలిందే సరుకు. మనుషుల్ని కూడా అతను అట్లాగే చూసేవాడు. ఎదుటివాడు ఎంత మాట్లాడినా, అందులోంచి తరుగు తీసి మిగిలింది పట్టుకునేవాడు.

అట్లాంటి ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఉదయ్ కుమార్ వచ్చాడు. ఊరు పులివెందుల, ఉద్యోగం తుమ్మలపల్లె గనిలో. తల్లి పాత గొలుసు పరీక్షకిచ్చి, అది తేలేలోగా ఊరికే కూర్చోలేక ఫోనులో ఒక వీడియో చూపించాడు. చేతిపెట్టెతో నడిపే చిన్న విమానం ఆకాశంలో గుండ్రంగా చుట్టు తిరిగింది, అడ్డంగా దొర్లింది, నిట్టనిలువునా ఎక్కి ఆగి, ఎక్కిన దారినే దిగింది. అది ఆట కాదట, పోటీ అట. ప్రతి విన్యాసానికీ జడ్జీలు మార్కులేస్తారట.

అలీ అహ్మద్ వ్యాపారి అడగవలసిన ప్రశ్నే అడిగాడు.

"దీంతో ఏమొస్తాదప్పా?"

"ఏమీ రాదు మామా."

"మార్కులు యాడ మొదలుపెడ్తారు?"

"పదిలో మొదలుపెడ్తారు. వంకర పోయిన కొద్దీ అర మార్కు, అర మార్కు కోస్తా పోతారు. ఆఖరికి మిగిలిందే నీది."

అలీ అహ్మద్ గొలుసు మీద నుంచి తలెత్తాడు. "అంటే తరుగు తీస్తారన్నమాట," అన్నాడు.

అంతే. ఆ మాటతో పట్టుకుంది. ఇరవై ఆరేళ్లు ఊళ్లోవాళ్ల నగల్లో తరుగు తీసిన మనిషికి, తన చేతిపనిలో ఎవరైనా తరుగు తీస్తే ఎంత మిగులుతుందో చూడాలనిపించింది. ఏమీ రాని పని అనేది కూడా కొత్తగా ఉంది. నలభై తొమ్మిదేళ్ల వయసులో అట్లాంటి పని ఒక్కటీ చేసిన గుర్తు లేదు.

ఉదయ్ కుమార్ మంచి దారే చూపించాడు. మొదటే విమానం కొనొద్దన్నాడు. చేతిపెట్టెను కంప్యూటరుకు తగిలించి, తెర మీద ఎగరేసి నేర్చుకోమన్నాడు. అలీ అహ్మద్ అంగడి వెనక గదిలో రెండు నెలలు అదే పనిలో ఉన్నాడు. తెర మీద రెండు వందల పన్నెండు విమానాలు నేలకు కొట్టాడు. ఒక్కటీ ఊడ్చే పని పడలేదు. ఆ తర్వాత ఆరు ఆదివారాలు పులివెందుల పోయి, అక్కడి క్లబ్బు విమానాన్ని ఉదయ్ పక్కన నిలబడగా ఎగరేశాడు. అతని వేళ్లకు వణుకు లేదు. కరిగిన బంగారం మూసలో పోసే వేళ్లు అవి. అందరికీ కష్టమైన చోటే అతనికీ కష్టమైంది. విమానం మనకు దూరంగా పోయేటప్పుడు దాని ఎడమా మన ఎడమా ఒకటే. అదే మన వైపుకు తిరిగి వచ్చేటప్పుడు దాని ఎడమ మన కుడి అవుతుంది. పెట్టె మీద పుల్ల మాత్రం ఎప్పుడూ విమానం ఎడమనే వింటుంది, మనిషి ఎడమను వినదు. ఈ లెక్క కాగితం మీద సులువు. గాలిలో అరక్షణం కూడా టైము ఉండదు.

ఇక సొంత విమానం కొనాలి. ఇక్కడ భార్య మైమూన్ అడ్డం పడింది. అడ్డం పడిందని అనడం కూడా సరికాదు. బేరానికి కూర్చుంది. ఇంట్లో కూరగాయల దగ్గర నుంచి కోడలి పెళ్లిబట్టల దాకా ఆమెతో బేరంలో గెలిచినవాడు లేడు. ఒకటే విమానం, అని తేల్చింది. అది విరిగిన రోజున ముక్కలన్నీ ఏరి ఇంటికి తెచ్చి అటక మీద పెట్టాలి. మళ్లీ విమానం అనే మాట ఇంట్లో వినబడకూడదు. తన వైపు నుంచి, అది విరగనంత కాలం పొద్దున్నే ఎక్కడికి పోతున్నావని ఒక్క మాట కూడా అడగదు.

అలీ అహ్మద్ ఒప్పుకున్నాడు. అతను అంగడిలో ఇచ్చిన మాట ఏనాడూ తప్పలేదు. ఇంట్లో తప్పితే అంగడిలో కూడా విలువ పోతుందని అతని నమ్మకం. అప్పటి నుంచి అతని లెక్క ఒక్కటే. మాఘమాసంలో పులివెందుల క్లబ్బు కొత్తవాళ్లకని పోటీ పెడుతోంది. ఎనిమిది విన్యాసాలు, మూడు విడతలు. ఆ లోపల విమానం విరగకూడదు. పోటీలో విరగకూడదు. ఒక్కసారైనా నలుగురి ముందు ఎనిమిదీ తెగకుండా చేసి, చక్కగా కిందికి దించి, తన పేరు ఎదురుగా ఎంత మిగిలిందో చూసుకోవాలి.

విమానం కొనడం తేలికైంది. ఎగరేసే చోటు దొరకడం కష్టమైంది. ప్రొద్దుటూరు చుట్టుపక్కల కరెంటు తీగలు లేని నేల లేదు, తీగలు లేని చోట పైరు ఉంది. చివరికి జమ్మలమడుగు దాటినాక రోడ్డుకు కొంచెం లోపల ఎనిమిదెకరాల బీడు కనబడింది. పక్కనే పొద్దుతిరుగుడు చేను. బీడు వారగా ముళ్ల కంపకట్ట, అందులో గొర్రెలు. ఆ నేలా ఆ జీవాలూ పెద్దసుబ్బమ్మవి. యాభై ఎనిమిదేళ్ల మనిషి. భర్త పోయినాక ఎద్దులు కట్టి విత్తనాల గొర్రు తోలింది ఆమే, విత్తింది ఆమే, గొర్రెలు మేపింది ఆమే. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు పోయాయి కానీ ఆమె గొంతు మాత్రం పోలేదు. కంపకట్ట దగ్గర నిలబడి పిలిస్తే రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి చూస్తారు.

అలీ అహ్మద్ బీడుకు బాడుగ అడిగాడు. ఆమె బాడుగ వద్దంది. అతని వ్యానులో ఉన్న విమానాన్ని ఒకసారి చూసి, చేను వైపు చూసింది. పొద్దుతిరుగుడు గింజ పడుతున్న కాలం. తెల్లారేసరికి చిలకల మందలు దిగుతున్నాయి. డబ్బాలు కొట్టీ, పాత కేసెట్టు రీళ్లు కట్టీ ఆమె విసిగిపోయి ఉంది.

"ఇది అరుస్తాదా?" అని అడిగింది.

"బొయ్యిమంటాది పెద్దమ్మా."

"అయితే రా. పొద్దు పొడిసేలోగా నా చేను మీద రెండు చుట్లు తిప్పు. ఆమీదట నీ సర్కస్ నువ్వు చేసుకో."

బేరం కుదిరింది. తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే పాత మారుతి వ్యానులో బయల్దేరితే అరగంటలో బీడు చేరేవాడు. మొదట చేను మీద రెండు చుట్లు తిప్పేవాడు. చిలకలు గోల చేస్తూ పెన్నేరు దిక్కుకు లేచిపోయేవి. తర్వాత తన సాధన. ఎండ ఎక్కేలోగా తిరిగి వచ్చి అంగడి తెరిచేవాడు. ఎవరికీ నష్టం లేదు.

నడి సాధనలో ఒక సంగతి తేలింది. గాలిలో విమానాన్ని చూస్తూ, మళ్లీ తల దించి కాగితంలో తర్వాతి విన్యాసం ఏదో చూసుకోవడం కుదరదు. పోటీలో అందుకే ప్రతివాడి వెనకా ఒక మనిషి నిలబడవచ్చు. తర్వాత ఏం చేయాలో, ఏ పక్కకు తిప్పాలో ఆ మనిషి చెబుతాడు. ఉదయ్‌కు ఆ పనికి గనిలో స్నేహితుడున్నాడు. అలీ అహ్మద్‌కు ఎవరూ లేరు. బావమరిదిని అడిగితే పొద్దున ఐదు గంటలకు లేచే పని అయితే వద్దన్నాడు. అంగడి పక్క అంగడి మనిషి నవ్వాడు. చివరికి రోజూ కంపకట్ట దగ్గర నిలబడి, అడగకపోయినా సలహాలు చెప్పే మనిషే మిగిలింది.

పెద్దసుబ్బమ్మకు చదువు రాదు. ఆ కాగితం మీద చదువు లేదు కూడా. విన్యాసాలన్నీ గీతలే. నేలమీద గీసి చూపిస్తే ఆమె ఒక్కసారికే పట్టేసింది. చుట్టు, దొర్లు, ఎక్కుడు, అని తన పేర్లు తనే పెట్టుకుంది. కార్డుబోర్డు విమానం ఒకటి కర్రకు గుచ్చి, దాన్ని చేత పట్టుకుని బీడులో నడుస్తూ ఇద్దరూ ఎనిమిదీ వల్లె వేశారు. ఆ కర్రవిమానాన్ని అలీ అహ్మద్ అంగడికి కూడా తెచ్చుకుని, గిరాకీ లేనప్పుడు గాలిలో తిప్పుకుంటూ కూర్చునేవాడు. ముక్కుపుడక అమ్మడానికి వచ్చిన ఒకావిడ అది చూసి, తర్వాత వస్తానని వెళ్లిపోయింది.

మొదటిరోజే తప్పు జరిగింది. విమానం తమ వైపుకు తిరిగి వస్తోంది. పెద్దసుబ్బమ్మ వెనక నుంచి "ఎడమకు, ఎడమకు" అంది. అతను ఎడమకు నొక్కాడు. ఆమె అన్నది ఆమె ఎడమ. విమానం విన్నది తన ఎడమ. అది నేరుగా కంపకట్ట మీదికి వచ్చి, తలల మీద మూరెడు ఎత్తులో దాటిపోయింది. జీవాలు కంప తెంపుకుని చేలో పడ్డాయి. విమానాన్ని అతను ఎట్లా పైకి లేపాడో అతనికే తెలీదు. కిందికి దించినాక అక్కడే చతికిలబడ్డాడు. ఆమె గొర్రెలన్నిటినీ తోలుకొచ్చి, లెక్కపెట్టుకుని, అప్పుడు వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎడమంటే ఎవురి ఎడమప్పా? నీదా, నాదా, దానిదా?"

"దానిది పెద్దమ్మా."

"ఆ మాట ముందే చెప్పాల్సింది. దానిదయితే ఎడమా కుడీ అని ఎవురు పిలుస్తారు?" అంది. "ఎద్దుకు నా చేతులు ఏ పక్క ఉండాయో ఏం తెలుస్తాది? దాపట అంటే దాపటికే తిరుగుతాది. నేను దాని ఎనకుండినా, ఎదురుగుండినా దాపట దాపటే."

జత ఎద్దుల్లో ఎడమపక్క కట్టేది దాపటెద్దు, కుడిపక్క కట్టేది వలపటెద్దు. అలీ అహ్మద్‌కు ఆ మాటలు తెలియనివి కావు. అతని తాత సేద్యం చేసినవాడే. కానీ ఆ మాటల్లో ఇంత పని ఉందని అతనికి ఆ రోజు దాకా తెలీదు. అవి మనిషి ప్రక్కలు కావు, ఎద్దు ప్రక్కలు. మనిషి ఎక్కడున్నా మారవు. తను నెలల తరబడి తలకాయలో తిప్పుకుంటున్న లెక్క, ఆ ముసలామె నోట్లో రెండు మాటలుగా ఎప్పుడో తేలిపోయి ఉంది.

తర్వాతి రోజు నుంచి ఆమె దాపట, వలపట అనే పిలిచింది. అతని వేళ్లు వాటికి వారంలో అలవాటు పడ్డాయి. ఆలోచన అవసరం లేకుండా పోయింది.

అన్నిట్లోకీ కష్టమైంది స్టాల్ టర్న్. పెద్దసుబ్బమ్మ దాన్ని మలుపు అనేది. విమానం మైదానం చివరికి పోయి, నిట్టనిలువునా పైకి ఎక్కాలి. ఊపు అయిపోయి ఆగబోయే క్షణంలో, కిందికి జారకముందే, తోకరెక్కతో పక్కకు తిప్పాలి. ముక్కు కిందికి మళ్లి, ఎక్కిన దారినే దిగాలి. ఏ పక్కకు తిప్పాలనేదే తిరకాసు. జనం ఉన్న వైపుకు తిప్పకూడదు, ఎప్పుడూ అవతలి వైపుకే. జనం వైపుకు తిరిగి, వాళ్ల ముందు గీసిన గీత దాటితే ఆ మనిషిని పోటీలోంచి తీసేస్తారు. పులివెందుల మైదానంలో ఆ గీత వెనకే బండ్లు, షామియానా, కరెంటు స్తంభాలు. గీత దాటిన విమానం క్షేమంగా దిగే చోటు ఉండదు.

ఆమె ఇది కూడా ఒక్క మాటలో తేల్చింది. "విత్తిన దాని మీద తిప్పకూడదు. విత్తనిదాని మీదికే తిప్పాల. గొర్రు తోలేటప్పుడు ఈ గనెం కాడ దాపటికి తిప్పితే ఆ గనెం కాడ వలపటికి తిప్పుతాం. లేకుంటే మొలకలు తొక్కమా?" గనెం అంటే చేను చివరి గట్టు. ఆమె లెక్కలో జనం అంటే విత్తిన నేల. ఎదురుగా ఖాళీ ఉన్నది విత్తని నేల.

చలికాలమంతా గాలి తూర్పు నుంచే వీచింది. ఉత్తరానికి మొహం పెట్టి నిలబడితే, విమానం ఎప్పుడూ ఎడమ నుంచి కుడికి పోయి, తూర్పు చివర మలుపు తీసుకునేది. ఆ మలుపు ఎప్పుడూ దాపటికే.

పోటీకి పదిరోజులుందనగా అలీ అహ్మద్ ఒక తప్పు చేశాడు. చేసేటప్పుడు అది తెలివైన పనే అనిపించింది.

పులివెందులలో క్లబ్బువాళ్ల సాధన చూసి వచ్చాడు. అక్కడ అందరి వెనకా నిలబడ్డవాళ్లు లెఫ్ట్, రైట్, స్టాల్ టర్న్ అంటున్నారు. అనంతపురం నుంచి, తిరుపతి నుంచి జడ్జీలు వస్తారట. వాళ్ల ముందు ఎద్దుల మాటలు వినబడితే ఎట్లా ఉంటుందోనని ఆలోచించుకున్నాడు. అంగట్లో తూనికరాయికి ముద్ర ఉండాలి. ముద్ర లేని రాయితో తూస్తే, తూకం ఎంత సరిగ్గా ఉన్నా ఎవరూ ఒప్పుకోరు. మాటలకు కూడా అంతే అనుకున్నాడు. పెద్దసుబ్బమ్మకు ఇంగ్లీషు మాటలు నేర్పాడు.

ఆమె మొదట వద్దంది. నోట్లో గులకరాళ్లు పెట్టుకున్నట్టు ఉందంది. అతను పట్టుబట్టాడు. చివరికి నేర్చుకుంది, ఒక్క అక్షరం తప్పకుండా. మూడోది స్టాల్ టర్న్ లెఫ్ట్. ఆరోది రోల్ రైట్. ఎనిమిదీ గడగడా అప్పజెప్పేది. చిలకలు తోలే మనిషిని తనే చిలకను చేశాడని అతనికి తోచలేదు. పదిరోజులూ గాలి తూర్పు నుంచే వీచింది. లెఫ్ట్ అంటే లెఫ్టే సరిపోయింది.

పోటీ రోజు పొద్దున్నే పెద్దసుబ్బమ్మను వ్యానులో ఎక్కించుకుని ముద్దనూరు మీదుగా పులివెందుల చేరాడు. కొత్తవాళ్ల వర్గంలో ఆరుగురున్నారు. అతను తప్ప అందరూ పాతికేళ్ల లోపువాళ్లే. గీత వెనక రెండు కుర్చీల్లో ఇద్దరు జడ్జీలు. ఒక్కో కుర్రాడి వెనకా ఫోన్లు పట్టుకున్న స్నేహితులు. అలీ అహ్మద్ వెనక మాత్రం, కొంగు నడుముకు దోపుకుని, చేతిలో గొర్రెల కర్రతో పెద్దసుబ్బమ్మ. కర్ర బండిలో పెట్టి రమ్మంటే, అది లేకుంటే చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీదంది. ఒక కుర్రాడు ఏదో అని నవ్వాడు. ఆమె అతని వైపు ఒక్కసారి చూసింది. ఆ కుర్రాడు మళ్లీ నవ్వలేదు.

మొదటి విడత బాగానే జరిగింది. తూర్పు గాలి. ఆమె గడగడా చెప్పింది, అతను చేశాడు. చుట్టు గుండ్రంగా రాక కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది. దొర్లులో ముక్కు వంగింది. అన్నీ తరుగులే, కానీ ఎనిమిదీ తెగకుండా అయ్యాయి. ఒక్కోదానికి ఐదు నుంచి ఏడు దాకా మిగిలాయి. ఆరుగురిలో మూడో స్థానం. అలీ అహ్మద్ కాగితం రెండుసార్లు చదువుకున్నాడు. ఇరవై ఆరేళ్లలో తన పనికి ఎవరో తరుగు కట్టి ఇచ్చిన మొదటి చీటీ అది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గాలి తిరిగింది. పడమటి నుంచి మొదలైంది. మైకులో చెప్పారు, ఇక అన్నీ కుడి నుంచి ఎడమకు చేయాలని. ఉదయ్ కుమార్ పరుగున వచ్చి చెవిలో చెప్పాడు. "మామా, అంతా తిరగబడ్తాది, గుర్తు పెట్టుకో. మలుపు ఈసారి రైట్." అలీ అహ్మద్ తలూపాడు. కర్రవిమానాన్ని రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. పెద్దసుబ్బమ్మకు కూడా చెప్పాడు. ఆమె కూడా తలూపింది. కానీ ఆమెకు ఇంగ్లీషులో స్టాల్ టర్న్ ఒక మాటా లెఫ్ట్ ఒక మాటా కాదు. అంతా కలిసి ఒకటే మాట. అది అతనికి అప్పుడు తట్టలేదు.

విమానం లేచింది. మొదటి రెండూ సరిగ్గానే వచ్చాయి. మూడోదానికి పడమటి చివరికి పోయి, ముక్కు పైకెత్తాడు. విమానం నిట్టనిలువునా ఎక్కింది. ఎక్కి, ఎక్కి, ఊపు తగ్గింది. అతని చూపు విమానం మీద, చెవి వెనక ఉంది.

"స్టాల్ టర్న్ లెఫ్ట్," అంది పెద్దసుబ్బమ్మ.

రైట్ అని అతని బుర్రకు తెలుసు. కానీ మూడు నెలలుగా అతని వేలు వింటున్నది బుర్రను కాదు, వెనక ఉన్న గొంతును. ఎడమ బొటనవేలు ఎడమకు కదిలింది. విమానం ముక్కు వాళ్ల వైపుకు, బండ్ల వైపుకు, షామియానా వైపుకు ఇంతే ఇంత వంగింది. అలీ అహ్మద్ కళ్లకు అటక మీద ముక్కలు కనబడ్డాయి. ఇప్పుడు వెనక్కి తిప్పాలి, కానీ ఏ పక్క వెనక్కో ఆ క్షణంలో అతనికి తెలియలేదు.

వెనక పెద్దసుబ్బమ్మకు అక్కడ విమానం కనబడలేదు. గనెం కాడికి వచ్చిన జత కనబడింది. విత్తిన నేల మీదికి తిరుగుతున్న జత.

"వలపట!" అని అరిచింది. "వలపట, వలపట!"

మైదానమంతా వినబడింది. బొటనవేలు దానంతట అదే కుడికి పోయింది. విమానం క్షణకాలం గాలిలో వేలాడి, తోకమీద మూరెడు కిందికి జారి, తర్వాత మూలుగుతున్నట్టు అవతలి వైపుకు ఒరిగింది. దిగేటప్పుడు వంకరగా దిగింది. తాటిచెట్టు ఎత్తులో అతను దాన్ని నిలబెట్టాడు. గీత దాటలేదు. ఆమె గొంతు ఆగలేదు. ఇక ఇంగ్లీషు లేదు. "ఇప్పుడు చుట్టు... నడుమకు రానీ, రానీ... ఊఁ. ఇప్పుడు దొర్లు, దాపటికి..." మిగిలిన ఐదూ ఆ గొంతు వెంట అతను చేసుకుంటూ పోయాడు.

కిందికి దించినాక పెట్టె మెడలోంచి తీసేటప్పుడు గాని అతనికి తన చొక్కా తడిసిందని తెలియలేదు. మలుపుకు ఒక జడ్జి మూడు వేశాడు, ఇంకొకాయన మూడున్నర. తరుగు సరిగ్గానే తీశారనుకున్నాడు. స్థానం ఐదుకు పడింది.

అనంతపురం నుంచి వచ్చిన జడ్జి ఆసక్తిగా దగ్గరికి వచ్చి, ఆమె ఏ భాషలో చెబుతోందని అడిగాడు. అలీ అహ్మద్ కొంచెం నసిగాడు. పెద్దసుబ్బమ్మ నసగలేదు.

"ఎద్దుల భాష సామీ. నీకు రాదా?"

ఆయన నవ్వి, తన తండ్రి కూడా సేద్యం చేసినవాడేనని, ఆ మాటలు విని ఎన్నాళ్లయిందోనని చెప్పి పోయాడు. ఎవరూ ముద్ర అడగలేదు. పదిరోజుల శ్రమ తను ఊరికే చేశాడని, అది కూడా నష్టానికి చేశాడని అలీ అహ్మద్‌కు అప్పుడు లెక్క తేలింది.

"పెద్దమ్మా, ఇంక ఆ ఇంగ్లీషు వద్దు," అన్నాడు.

"నేను ముందే చెప్పలేదా? యాపారం చేసేటోనివి, సొంత రాళ్లు అంగట్లో పెట్టి పక్కోని రాళ్లతో తూస్తారా ఎవురైనా?"

మూడో విడత దాపట, వలపటలతోనే సాగింది. గాలి ఇంకా పడమరే. మలుపు వచ్చినప్పుడు ఆమె "వలపట" అని మెల్లగా, పక్కన కూర్చున్న మనిషికి మంచినీళ్లు అందించినట్టు అంది. విమానం ఎక్కిన దారినే దిగింది. ఆ ఒక్కదానికి ఇద్దరు జడ్జీలూ ఏడున్నర వేశారు. ఎనిమిదీ తెగలేదు. దించేటప్పుడు మాత్రం నేలలో ఒక గులకరాయికి ముందు చక్రం తగిలి, దాని ఇనుప కాలు వంగింది. ఆరుగురిలో నాలుగో స్థానం వచ్చింది. బహుమతి లేదు. అందరికీ ఇచ్చిన కాగితం ఒకటి ఇచ్చారు. మూడు విడతల మార్కుల చీటీలు కూడా ఇచ్చారు. అతను కాగితాన్ని వ్యాను ముందు అరలో పడేసి, చీటీలు జేబులో పెట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో వ్యాను ముద్దనూరు దాటింది. వచ్చే వారం పొద్దుతిరుగుడు కోస్తానంది పెద్దసుబ్బమ్మ. చేను కోసినాక చిలకలు రావు. చిలకలు రాకపోతే నీ విమానంతో నాకేం పని, బీడు ఊరికే ఇచ్చేదాన్ని కాదు, అంది. అలీ అహ్మద్ ఇది ఎదురుచూస్తూనే ఉన్నాడు. కొత్త బేరం ఏమిటని అడిగాడు. ప్రొద్దుటూరు పశువుల మందుల అంగడి నుంచి మూడు నెలలకొకసారి జీవాలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తేవాలి, ఆమె బస్సులో పోయి క్యూలో నిలబడే పని తప్పాలి. అది మొదటిది. రెండోది ఏమిటంటే, ఇంకో పోటీ ఎక్కడ జరిగినా ఆమె లేకుండా పోకూడదు.

"అనంతపురం అయితే?" అన్నాడు.

"అనంతపురం ఏమన్నా ఢిల్లీనా?"

ఆమెను బీడు దగ్గర దించి ప్రొద్దుటూరు చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. మైమూన్ ఏమీ అడగలేదు. అడగనని ఆమె ఇచ్చిన మాట. విమానాన్ని హాలులో చాప మీద పెట్టించి, పెళ్లికి అరువిచ్చిన పాత్రలు తిరిగి వచ్చినప్పుడు చూసుకున్నట్టు చూసుకుంది. రెక్కలు రెండూ ఉన్నాయి. తోక ఉంది. ముక్కు ఉంది. కడుపు కింద చెయ్యి పెట్టి తడిమింది. ముందు చక్రం కాలు దగ్గర చెయ్యి ఆగింది.

"ఇదేంది?" అంది.

అలీ అహ్మద్ దాన్ని దారిలోనే కనబడకుండా పక్కకు తిప్పి పెట్టగలిగేవాడే. దాచి ఉంటే బేరం చెడేది.

"వంగింది," అన్నాడు.

"మనం అనుకున్న మాట ఏంది?"

"విరిగితే అనుకున్నాం."

మైమూన్ ఆ కాలును వేళ్ల మధ్య పట్టుకుని దీపానికి చూసింది. ఆమె కూడా బంగారు అంగడి మనిషి కూతురు. విరిగిన గొలుసుకు టంకం పడుతుంది, టంకానికి తరుగు పడుతుంది. వంగిన గాజును సరిచేయడానికి తరుగు ఉండదు. ఈ సంగతి ఆమెకు అతను చెప్పనక్కరలేదు. అతను జేబులోంచి మూడో చీటీ తీసి, మలుపు ఉన్న వరస మీద వేలు పెట్టి ఆమె ముందు ఉంచాడు.

ఆమె చీటీ వైపు చూసింది. "పదికి ఏడున్నరా?"

"అంతే."

"మిగతా రెండున్నర ఏమైనట్టు?"

"తరుగు."

మైమూన్ లేచి లోపలికి పోయింది. అతను చాప మీదే కూర్చుని ఉన్నాడు. అటక మీద పెద్ద పెట్టె పక్కన ఖాళీ ఉందా అని ఒకసారి తల ఎత్తి చూశాడు. ఆమె తిరిగి వచ్చింది. చేతిలో అతని అంగడి పట్టకారు ఉంది. విమానాన్ని వెల్లకిలా తిప్పి ఒళ్లో పెట్టుకుని, ఆ ఇనుప కాలును పట్టకారుతో పట్టి, విరగకుండా మెల్లగా, కొంచెం కొంచెంగా సరిచేయడం మొదలుపెట్టింది.